లినక్స్‌లో ఆటలు, రోజువారీ పనులు: ఆరేళ్ల వాడకంలో తెలిసినవి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది, మీ కంప్యూటరేమో విండోస్ 11 అర్హతలకు తూగడం లేదు. అందుకని ఆటలకూ ఇంటి పనులకూ కలిపి పూర్తిగా లినక్స్‌కు మారవచ్చా, దానికి ముందు ముందు మనుగడ ఉంటుందా అని మీరు అడిగారు. ఆరేళ్లకు పైగా నేను ఆడేదీ పనిచేసేదీ లినక్స్ మీదే కనుక, మారవచ్చనే చెబుతాను. అయితే మీరు ఏయే ఆటలు ఆడతారో తెలుసుకోకుండా ఎవరు ఈ మాట చెప్పినా, నేను చెప్పినా సరే, పూర్తిగా నమ్మకండి.

2013లో ఆటలు కొని ఆడుకునే స్టీమ్ లినక్స్‌కు వచ్చినప్పుడు, ఆటను తయారుచేసినవారు దాన్ని లినక్స్ కోసం విడిగా సిద్ధం చేస్తేనే మనం ఆడగలిగేవాళ్లం. ఆ శ్రమ తీసుకున్నవారు తక్కువ. 2018 ఆగస్టులో స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపించే ప్రోటాన్‌ను విడుదల చేయడంతో పరిస్థితి మారింది. దానికి పునాది, విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడపడానికి 1993 నుంచి సాగుతున్న వైన్ ప్రాజెక్టు. విండోస్ ఆట తెర మీద బొమ్మ గీయడానికి విండోస్ గ్రాఫిక్స్ వ్యవస్థ అయిన డైరెక్ట్‌త్రీడీని పిలిచినప్పుడు, ప్రోటాన్‌లోని డీఎక్స్‌వీకే అనే పొర ఆ పిలుపును లినక్స్‌లోనూ పనిచేసే వల్కన్ అనే గ్రాఫిక్స్ వ్యవస్థలోకి మార్చి గ్రాఫిక్స్ కార్డుకు అందిస్తుంది. ఇక్కడ ప్రాసెసర్‌ను అనుకరించడమంటూ ఏమీ లేదు కాబట్టి వేగం పెద్దగా తగ్గదు. నేను ఆడినవాటిలో కొన్ని విండోస్‌లో కంటే సాఫీగానే నడిచాయి.

భవిష్యత్తు మీద నాకున్న నమ్మకానికి అసలు కారణం 2022లో వచ్చిన స్టీమ్ డెక్. చేతిలో పట్టుకుని ఆడుకునే ఆ పరికరం లినక్స్ మీదే నడుస్తుంది కనుక, ఒకప్పుడు ఔత్సాహికులు తీరిక వేళల్లో చేసిన పని ఇవాళ అమ్ముడుపోయే వస్తువుకు ప్రాణాధారమైంది. ఆ క్రమంలో జరిగిన మెరుగుదలలు వైన్‌లోకీ, మీసా అనే గ్రాఫిక్స్ డ్రైవర్లలోకీ, లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌లోకీ చేరి అందరికీ అందుతున్నాయి. రేపు ఒక సంస్థ ఆసక్తి సడలినా, చేరిన కోడ్ మన దగ్గరే ఉంటుంది.

ఇంతగా మారినా తెగని ముడి ఒకటుంది: పదిమందితో ఆన్‌లైన్‌లో పోటీపడే ఆటల్లో మోసాన్ని పట్టే యాంటీ చీట్ ప్రోగ్రాము. 2021లోనే ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ అనే రెండు యాంటీ చీట్ ప్రోగ్రాములూ ప్రోటాన్‌లో పనిచేసే ఏర్పాటు చేశాయి కానీ, దాన్ని వాడాలా వద్దా అన్నది ఒక్కో ఆట తయారీదారు ఇష్టానికి వదిలేశాయి. ఈజీ యాంటీ చీట్‌ను నడిపే ఎపిక్ సంస్థే తన ఫోర్ట్‌నైట్‌ను లినక్స్‌లో అనుమతించలేదు. వాలరెంట్ నడవదు. ఏపెక్స్ లెజెండ్స్ చాలాకాలం నడిచి, 2024 చివర్లో లినక్స్ వాడేవారికి తలుపు మూసేసింది. ఓపెన్ సోర్స్ వ్యవస్థలో కెర్నెల్‌ను సైతం వాడేవారు తమకు కావలసినట్టు మార్చుకోగలరు కనుక, మోసాన్ని పట్టే ప్రోగ్రాముకు తన కాళ్ల కింది నేలను నమ్మే వీలుండదన్నది ఆ తయారీదారుల వాదన. ఆ వాదనను నేను తోసిపుచ్చలేను. కానీ నిన్నటిదాకా నిజాయితీగా ఆడుకున్నవారిని ఒక్క అప్‌డేట్‌తో బయటికి పంపడం అన్యాయమనే అనుకుంటాను. మీ స్నేహితుల బృందం రోజూ ఆడేది ఇలాంటి ఆటే అయితే మాత్రం విండోస్‌ను తీసేయకండి.

మారిన తొలి వారంలో నన్ను బాగా వేధించిన ఇబ్బంది మీకు రాకూడదని చెబుతున్నాను. మళ్లీ డౌన్‌లోడ్ చేయడం ఎందుకని, పాత విండోస్ డిస్కులోని ఆటల ఫోల్డరునే స్టీమ్‌కు చూపించాను. ‘ప్లే’ నొక్కితే బటన్ రంగు మారి, నాలుగైదు సెకన్లలో మళ్లీ పచ్చగా అయ్యేది; ఆట తెరుచుకునేది కాదు, తప్పేమిటో చెప్పే సందేశమూ వచ్చేది కాదు. రెండు సాయంత్రాలు డ్రైవర్లను అనుమానించాక అసలు సంగతి బోధపడింది. ప్రోటాన్ ప్రతి ఆటకూ ఒక చిన్న విండోస్ వాతావరణాన్ని సృష్టించి, అందులో ‘సి:’ అనే పేరుతో ఒక లింకు పెడుతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అమరికలోని డిస్కులో ఫైలు పేరులో ఆ రెండు చుక్కల గుర్తు చెల్లదు. డిస్కును లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 అమరికకు మార్చి ఆటలను తిరిగి దించుకున్నాక అన్నీ తెరుచుకున్నాయి.

రోజువారీ పనుల గురించి చెప్పవలసింది తక్కువే. బ్రౌజరు, మెయిలు, వీడియోలు, సమావేశాలు, ఇవన్నీ మామూలుగానే సాగుతాయి. పత్రాలు రాసుకునే ఉచిత ప్రోగ్రాము లిబ్రేఆఫీస్ నాకు సరిపోయింది కానీ, క్లిష్టమైన పట్టికలున్న వర్డ్ ఫైళ్లు ఇతరులతో ఇచ్చిపుచ్చుకునేటప్పుడు అమరిక అక్కడక్కడా చెదురుతుంది. ఫోటోషాప్‌కు లినక్స్ వెర్షన్ లేదు; మీ జీవనాధారం దానిమీదే అయితే గింప్ అనే ఉచిత బొమ్మల ప్రోగ్రాముతో నెట్టుకురండని నేను చెప్పను.

ఏఎండీ, ఇంటెల్ గ్రాఫిక్స్‌కు డ్రైవర్లు వ్యవస్థతోపాటే వస్తాయి. ఎన్‌విడియాకు సాధారణంగా విడిగా వేసుకోవాలి. లినక్స్‌లో తెరను చూపించే కొత్త వ్యవస్థ వేలాండ్‌లో ఎన్‌విడియా కార్డులతో తెర మినుకుమనే సమస్య 2024లో వచ్చిన డ్రైవర్లతో చాలావరకు పోయింది. ఏఎండీ కార్డుతో 4కే తెరపై 120 హెర్ట్జ్ కావాలనుకుంటే డిస్‌ప్లేపోర్ట్ ఉన్న మానిటర్ చూసుకోండి. అంత వేగానికి అవసరమైన కేబుల్ ప్రమాణం హెచ్‌డీఎంఐ 2.1ను ఏఎండీ ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో చేర్చడానికి ఆ ప్రమాణాన్ని నిర్వహించే ఫోరం ఒప్పుకోలేదని 2024లో బయటపడింది.

మీరు ఎక్కువగా ఆడే పది ఆటలను ముందుగా, ఏ ఆట ప్రోటాన్‌లో ఎలా నడుస్తుందో వాడేవారు రాసే ప్రోటాన్‌డీబీ వెబ్‌సైటులో వెతికి, మీలాంటి కార్డు ఉన్నవారి ఇటీవలి అనుభవాలు చదవండి. ఆ తరువాత ఇప్పుడున్న విండోస్ డిస్కును పక్కన తీసిపెట్టి, వేరే ఎస్‌ఎస్‌డీలో లినక్స్ రకాలైన మింట్ గానీ, ఆటలకు అనువైన బజైట్ గానీ వేసుకుని ఒక నెల వాడి చూడండి. ఆ పది ఆటల పేర్లూ మీ గ్రాఫిక్స్ కార్డు వివరమూ ఇక్కడ రాస్తే, వాటిలో నేను ఆడినవి ఎలా నడిచాయో ఒక్కొక్కటిగా చెబుతాను.