మెరుపు చూసి తుఫాను అనకు

చిరంజీవి అమ్మలుకు ఆశీస్సులు.

అంతరిక్ష వాతావరణ కేంద్రంలో డ్యూటీలో ఉండి, ఎక్స్ తరగతి, అంటే అన్నిటికన్నా బలమైన రకం సౌరజ్వాల కనబడితే చాలు, టెన్షన్ పడి అందరికీ ఫోన్లు చేస్తున్నావట. ఆ కంగారు తగ్గించుకో. జ్వాల కాంతి ఎనిమిది నిమిషాల్లో మనల్ని చేరుతుంది. నువ్వు గ్రాఫులో చూసేసరికే పగలున్న వైపు షార్ట్‌వేవ్ రేడియో దెబ్బతిని ఉంటుంది. భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేసే భూ అయస్కాంత తుఫాను లెక్క వేరు. సూర్యుడి నుంచి ప్లాస్మా మేఘం ఎగిసి మన వైపు రావాలి. దానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. 2014 అక్టోబరులో 12192 అనే నంబరున్న భారీ సూర్యమచ్చల గుంపు ఆరు ఎక్స్ జ్వాలలు రేపింది, వాటిలో ఒక్కదాని వెంటా చెప్పుకోదగ్గ మేఘం రాలేదు.

అందుకే జ్వాల తర్వాత కరోనాగ్రాఫ్ చూడు, అంటే సూర్యబింబాన్ని కప్పి చుట్టుపక్కల మాత్రమే చూపే కెమెరా బొమ్మ. కప్పేసిన సూర్యబింబం చుట్టూ కాంతి వలయంలా విచ్చుకుంటే మేఘం మనకు ఎదురుగా వస్తూ ఉండొచ్చు, సూర్యుడికి అవతలి వైపు పోతూ ఉండొచ్చు. బొమ్మలో రెండూ ఒకేలా ఉంటాయి. అదే వేళకు అతినీలలోహిత చిత్రాల్లో మనకు కనిపించే ముఖం మీద పేలుడు జాడ ఉందా అని వెతుకు. ఉన్నట్టుండి బొమ్మ నిండా తెల్లచుక్కలు కురిస్తే కెమెరా పాడైందనుకోకు, ప్రోటాన్లు సెన్సర్‌కు తగులుతున్నాయి. ఉపగ్రహాలు నడిపేవాళ్లకు ఆ కబురు వెంటనే అందాలి.

మేఘం ఎప్పుడొస్తుందో మోడల్ ఒక గంట చూపిస్తుంది. అటూ ఇటూ పది గంటల తేడా మామూలే. బులెటిన్‌లో "రేపు మధ్యాహ్నం నుంచి ఎల్లుండి తెల్లవారుజాములోపు" అనే రాయి. పైవాళ్లు కచ్చితంగా ఏ గంటకో చెప్పమని పీకల మీద కూర్చుంటారు. చెప్పకు.

అసలు సంగతి తేలేది ఎల్1 దగ్గర, భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉపగ్రహాలు కాపు కాసే చోట. సౌరపవనం, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం, వేగం సెకనుకు 400 కిలోమీటర్ల నుంచి 700కు ఎగబాకితే అందరి కళ్లూ ఆ గీత మీదే ఉంటాయి. నువ్వు బీజెడ్ గీత చూడు, వచ్చే మేఘంలోని అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి తిరిగిందో దక్షిణానికి తిరిగిందో చెప్పేది అదే. అది సున్నాకు పైన, అంటే ఉత్తరంగా ఉంటే ఎంత వేగంగా వచ్చిన మేఘమైనా పెద్దగా ఏమీ చేయలేదు. దక్షిణానికి దిగి గంటల తరబడి అక్కడే ఉంటే మాత్రం భూమి అయస్కాంత కవచం తలుపు తీసినట్టే. ఎల్1 నుంచి నీకు దొరికే వ్యవధి పావుగంట నుంచి గంట. ఆలోపే పవర్ గ్రిడ్ వాళ్లకు కబురు వెళ్లాలి. మొదటి గంట ప్రశాంతంగా గడిచిందని డ్యూటీ దిగిపోకు. మేఘం ముందు భాగం ఉత్తరంగా ఉండి, వెనక భాగం దక్షిణానికి తిరగొచ్చు.

భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కదిలిందో కొలిచే కేపీ సూచిక మీద మరీ ఆధారపడకు. అది మూడు గంటలకోసారి, జరిగిపోయినదాన్ని చెబుతుంది.

వరసగా మేఘాలు బయల్దేరితే ఒక్కోదాన్నీ విడిగా లెక్కగట్టకు. ముందు వెళ్లింది దారి ఊడ్చి పెడుతుంది, వెనకది ఇంకా త్వరగా వచ్చి దాంతో కలుస్తుంది. 2024 మే 10న అలా వరసగా వచ్చినవే జీ5, అంటే కొలమానంలో అన్నిటికన్నా తీవ్రమైన తుఫాను తెచ్చాయి. అంతకుముందు జీ5 వచ్చింది 2003లో.

మచ్చలు లేని రోజుల్లోనూ కరోనా రంధ్రాల, అంటే సూర్యుడి పై పొరలో వేగమైన సౌరపవనం బయటికి వచ్చే చోట్ల తేదీలు నోటుబుక్కులో రాసి పెట్టుకో. సూర్యుడు ఇంచుమించు 27 రోజులకు ఒక చుట్టు తిరిగి అదే రంధ్రాన్ని మళ్లీ మన ముందుకు తెస్తాడు. చాలాసార్లు ఖరీదైన మోడల్ కన్నా ఆ పాత పేజీయే బాగా చెబుతుంది.

ఇట్లు,
పెదనాన్న