వాషింగ్టన్ డీసీలో ఇల్లు, వర్జీనియాలో ఓటు: కుదురుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. అమెరికా పౌరసత్వం వచ్చింది. నిరుడు వర్జీనియా నుంచి వాషింగ్టన్ డీసీకి మారి కాండో కొన్నాం. ఇక్కడివాళ్లకు సెనేటర్ లేడు, ప్రతినిధుల సభలో బిల్లుల మీద తుది ఓటు వేసే సభ్యుడూ లేడు. ఫెడరల్ పన్నులు మాత్రం అందరిలాగే కడుతున్నాం. చాలా బాధగా ఉంది. ఫెయిర్‌ఫాక్స్‌లో ఉన్న బావమరిది చిరునామాతో పాత ఓటే ఉంచుకోవచ్చా? లేదా కోర్టుకు వెళ్లాలా? డీసీకి రాష్ట్రంతో సమానంగా సెనేట్, ప్రతినిధుల సభల్లో ప్రాతినిధ్యం ఇవ్వాలన్న 1978 నాటి రాజ్యాంగ సవరణను మళ్లీ బతికించవచ్చని ఒక మిత్రుడు అంటున్నాడు.

జవాబు: మీరు పంపిన కాగితాల్లో హోమ్‌స్టెడ్ డిడక్షన్ దరఖాస్తు ఉంది. ఇంటి పన్ను తగ్గుతుందని, డీసీలోనే మా స్థిర నివాసం అని అందులో సంతకం పెట్టారు. ఓటు ఎక్కడ అన్నది తేల్చేది ఆ స్థిర నివాసమే. పన్నుకు డీసీ, ఓటుకు వర్జీనియా అంటే ఒకచోట అబద్ధం చెప్పినట్టే. చదవకుండా సంతకం పెట్టానంటే ఏ అధికారీ వినడు. కాగితం మీద సంతకం పెట్టేముందు చదవాలని చదువుకున్నవాళ్లకు కూడా చెప్పాల్సి రావడం విచారకరం.

బావమరిది చిరునామా జోలికి పోకండి. ఫెడరల్ ఎన్నికల్లో ఓటు కోసం తప్పుడు చిరునామా ఇస్తే అయిదేళ్ల వరకూ జైలు. మారాక వర్జీనియాలో ఓటు వేయలేదని రాశారు, మంచిది. ఒకవేళ వేసి ఉంటే మాత్రం సంజాయిషీ అంటూ ఎవరికీ ఏమీ రాయకుండా ముందు అక్కడి క్రిమినల్ లాయర్‌ను కలవండి.

కోర్టు దారి మూసుకుపోయింది. ప్రతినిధులను ఎన్నుకునేది రాష్ట్రాల ప్రజలని రాజ్యాంగం అంటుంది, డీసీ రాష్ట్రం కాదు. డీసీవాసులు వేసిన ఆడమ్స్ వర్సెస్ క్లింటన్ కేసులో 2000లో వచ్చిన తీర్పు ఇదే. సుప్రీంకోర్టు దాన్ని అదే ఏడాది ఖాయం చేసింది. మళ్లీ వేసిన కేసుకూ 2021లో అదే గతి పట్టింది.

మీ మిత్రుడు గడువు చూడలేదు. 1978 సవరణకు 38 రాష్ట్రాల ఆమోదం కావాలి, వచ్చినవి 16. ఏడేళ్ల గడువు ఆ సవరణ పాఠంలోనే రాసి ఉంది కాబట్టి 1985తో అది చచ్చిపోయింది. కాలదోషం పట్టినదాన్ని పట్టుకుని డబ్బు పోగొట్టుకోకండి. 1961లో వచ్చిన 23వ సవరణ వల్ల అధ్యక్ష ఎన్నికలో డీసీకి 3 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ని చివరికి ఎన్నుకునే ఓట్లు) ఉన్నాయి. దాన్నయినా వాడుకోండి.

మిగిలింది చట్టసభ. 2009లో డీసీకి ప్రతినిధుల సభలో ఓటు హక్కుతో ఒక పూర్తి స్థానం ఇచ్చే బిల్లును సెనేట్ 61–37తో ఆమోదించింది. కానీ డీసీ తుపాకీ చట్టాలను సడలించే సవరణను దానికి తగిలించడంతో ప్రతినిధుల సభలో ఆగిపోయింది. గెలుపు అంచున పోయిన ఆ అవకాశం తలచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. రాష్ట్ర హోదా బిల్లును ప్రతినిధుల సభ 2020లో 232–180తో, 2021లో 216–208తో నెగ్గించింది, సెనేట్‌లో కదల్లేదు. మామూలు చట్టంతోనే అయ్యే పని అయినా, అక్కడ చర్చ ముగించడానికి 60 ఓట్లు కావాలి. 2020 లెక్కల్లో 6.89 లక్షల జనాభా ఉన్న ఊరికి, అంతకన్నా చిన్నదైన వ్యోమింగ్‌కున్న ఇద్దరు సెనేటర్లు లేకపోవడం అన్యాయమే.

ఈ వారమే వర్జీనియా ఓటు రద్దు చేయమని రాతపూర్వకంగా అడగండి, రసీదు దాచుకోండి. డీసీ ఎన్నికల బోర్డులో నమోదు చేసుకోండి. డ్రైవింగ్ లైసెన్సు, పన్ను పత్రాలు, ఓటు, మూడింటిలో ఒకే చిరునామా ఉండాలి. టెక్సాస్, ఒహాయో లాంటి చోట్ల ఓటున్న మీ చుట్టాలచేత వాళ్ల సెనేటర్లకు ఉత్తరాలు రాయించండి. మీకు లేని సెనేటర్ వాళ్లకు ఉన్నాడు.