ఆయన కోపం మీ నాన్నగారి మీద

‘మా వారు ఆడపడుచు ముందు మా నాన్నను ఎగతాళి చేస్తారు. కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఊరికే ఉడికించాను, నువ్వు ఉడుకుమోతువి అంటారు. ఎదురు చెబితే రెచ్చగొడుతున్నావంటారు. పెళ్లిలో ఒప్పుకున్న బండి నాన్న ఇంకా కొనివ్వలేదు. ఇంతకీ ఈ మాటలకు అసలు అర్థాలేమిటి? తప్పెవరిది?’
– ఒక సోదరి

అర్థాలు చెబుతానమ్మా. ఉడుకు అంటే వేడి. ఎదుటివారిలో అది పుట్టిస్తే ఉడికించడం, తనలో తాను కుతకుతలాడితే ఉడుక్కోవడం. చీటికీమాటికీ ఉడుక్కునేవారు ఉడుకుమోతు. రెచ్చడమంటే అదుపు తప్పి చెలరేగడం. చెడగొట్టు, పడగొట్టులో లాగే దానికి ‘కొట్టు’ చేరి, ఎదుటివారు చెలరేగేలా చేయడం రెచ్చగొట్టడమైంది. ఉడికించడానికి చనువుండాలి. బావామరదళ్లు, వదినామరదళ్లు ఉడికించుకుంటారు, ఉడుక్కున్నవారిని మళ్లీ వాళ్లే నవ్వించి అన్నానికి లేపుతారు. రెచ్చగొట్టేవారికి కావలసింది గొడవే.

మీ ఇంట్లో జరుగుతున్నది ఈ రెండూ కాదు, కాబట్టి నిఘంటువు పక్కన పెట్టండి. మీ వంట మీద, మీ నడవడి మీద ఆయన ఒక్క మాట అన్నట్టు మీరు రాయలేదు. అన్నీ మీ నాన్నగారి మీదే. తగువు మామా అల్లుళ్లది, దెబ్బలు మీకు. తప్పు మీ వారిదే. బండి అడగడమంటే కట్నం అడగడమే, అది 1961 చట్టం ప్రకారం నేరం. నాన్నగారు అప్పు చేసి కొనిస్తే నోరు మూతపడుతుందనుకోకండి, అడిగితే వస్తుందని తెలిసిపోతుంది.

ఆడపడుచు ముందు ఏడవకండి, వాదించకండి. ఏడిస్తే ఉడుకుమోతు, వాదిస్తే రెచ్చగొట్టావు. రెండింటికీ సాక్షి ఎదురుగానే ఉంది. లేచి లోపలికి వెళ్లిపోండి. ఆమె లేని రోజు, భోజనాలయ్యాక, ఈ మాటలే చెప్పండి: ‘బండి రాదు. నాన్న మీద కోపముంటే నాతో సూటిగా చెప్పండి. నలుగురిలో ఆయన్ని అంటే నేనక్కడ కూర్చోను.’ పాత తగాదాలు కలిపారా, ఆయన వాటిలోకి జారుకుంటారు. చెప్పాక ప్రతిసారీ నిజంగానే లేచి వెళ్లాలి. ఒక్కసారి సర్దుకుని కూర్చున్నా మీ మాటకు విలువ పోతుంది.

ఒకటి రెండు నెలల్లో మార్పు రాకపోతే మీ మామగారిని కూర్చోబెట్టి మాట్లాడండి. బండి కోసం బెదిరించినా, చెయ్యి చేసుకున్నా అంతవరకూ ఆగొద్దు: పుట్టింటికి చెప్పండి, మహిళల సహాయవాణి 181కి ఫోన్ చేయండి. 2005 నాటి గృహహింస చట్టం కొట్టడాన్నే కాదు, ఎగతాళినీ అవమానాన్నీ కూడా హింసగానే లెక్కిస్తుంది.