వంటింటి కప్‌బోర్డులకు ఎమరీ: ఏ నంబరు, ఎప్పుడు, ఎంత?

ప్రశ్న: మా టేకు షట్టర్లకు నిరుడు ఎనామిల్ వేయించాం. పొయ్యి పక్కనున్న రెండు తలుపులకు గోరు తగిలితే చాలు, రంగు పెచ్చులుగా లేచి వస్తోంది. మిగతావి బాగానే ఉన్నాయి. పెయింటరు ఎమరీ (గరుకు కాగితం) కొట్టాకే రంగు వేశాడు. మళ్లీ వేయించేటప్పుడు ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పొయ్యి దగ్గరివి మాత్రమే ఊడుతున్నాయంటే రంగును అనుమానించక్కర్లేదు, జిడ్డు పని అది. తాలింపు ఆవిరితో పేరుకున్న నూనె పొర మీద ఎమరీ కొడితే జిడ్డు పోదు సరికదా, కాగితం చేసిన గీతల్లోకి దిగి కూర్చుంటుంది. చేత్తో తడిమితే గరుకుగానే ఉంటుంది కానీ రంగుకు పట్టు దొరకదు. కాబట్టి కడగడం ముందు, రుద్దడం తర్వాత.

షట్టర్లు విప్పి, హ్యాండిళ్లు, బందులు తీసి, ఏది ఎక్కడిదో వెనకవైపు టేపు మీద రాసుకోండి. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి స్పాంజితో కడగండి. హ్యాండిల్ చుట్టూ, అంచుల కింద రెండుసార్లు. మంచినీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత తెల్లగుడ్డతో రుద్దితే పసుపు మరక అంటకూడదు.

ఇక కాగితం. నంబరు పెరిగేకొద్దీ నునుపు. పెచ్చులు లేచినచోట స్క్రేపరుతో గీకి, 100తో మొదలుపెట్టి 150, ఆపైన 180 వాడండి. పాత రంగు, చెక్క కలిసేచోట వేలికి మెట్టు తగలకూడదు. తగిలితే ఎనామిల్ ఆరాక ఆ మెట్టు అలాగే కనిపిస్తుంది. గట్టిగా ఉన్న పాత రంగును చెక్కదాకా తీయడం వృథా శ్రమ. దానికి 220 చాలు. మెరుపు పోయి అంతటా ఒకే మసక వస్తే అక్కడ ఆపేయవచ్చు.

80 కొట్టి నేరుగా 220కి దూకే అలవాటు చాలామంది పనివాళ్లకు ఉంది. 80 చేసిన లోతు గీతల పైఅంచులనే 220 తీస్తుంది, అడుగు అలాగే ఉండిపోతుంది. చెక్క చారలకు అడ్డంగా రుద్దినా ఇదే బాధ. ప్రైమరు కింద కనపడని గీత మెరిసే ఎనామిల్ కింద బయటపడుతుంది.

షీటును నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్కను చదునైన చెక్కదిమ్మెకు చుట్టుకోండి. ఉత్త వేళ్లతో రుద్దితే వేళ్ల కింద గాడులు పడతాయి. తలుపంతా పెన్సిల్‌తో పలచగా గీతలు గీసి, అవి చెరిగేదాకా రుద్దండి. ఎక్కడ వదిలేశారో అదే చెబుతుంది. పదునైన అంచుల మీద రంగు పలచబడి తొందరగా పోతుంది కనుక 220తో ఒకటి రెండుసార్లు తేలిగ్గా లాగి ఆ పదును విరవండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది. చెక్క బయటపడిన చోట థిన్నర్ గుడ్డతో తుడిచి, అది ఆరగానే ప్రైమరు వేయాలి. థిన్నర్ వాడేటప్పుడు దగ్గర్లో పొయ్యి వెలగకూడదు.

ప్రశ్న: కోటుకు కోటుకు మధ్య ఎమరీ అవసరమా? పెయింటరు అక్కర్లేదంటున్నాడు. రుద్దబోతే కాగితానికి రంగు ముద్దలు ముద్దలుగా అంటుకుంది.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అవసరమే. మొదటి ప్రైమరు తడికి చెక్కలోని సన్నటి పీచు లేచి నిలబడుతుంది, దుమ్ము అంటుతుంది. అందుకే ప్రైమరు ఆరాక 220. ఆ తర్వాత గుంతలకు లప్పం, ఒకేసారి మందంగా కాకుండా పలచగా రెండుసార్లు; ఆరాక 180, 220. ఇది చెక్కకు పెట్టే లప్పమే కావాలి. గోడలకు వాడే సిమెంటు పుట్టీని షట్టరుకు పెడితే పగుళ్లిస్తుంది. లప్పం రంగును పీలుస్తుంది కాబట్టి దాని మీద మళ్లీ ప్రైమరు, తర్వాత 320. మొదటి ఎనామిల్ కోటు మీద 320 లేదా 400తో చేయి బరువు వేయకుండా. ఆఖరి కోటును ముట్టుకోవద్దు.

మీ కాగితానికి ముద్దలు అంటుకున్నాయంటే రంగు ఇంకా లోపల పచ్చిగా ఉంది. ఆరిన రంగు పొడిగా రాలుతుంది. డబ్బా మీద రాసిన గంటలు వానాకాలానికి సరిపోవు. మూలలో కాస్త రుద్ది, పొడి వస్తేనే మొదలుపెట్టండి. అంచుల్లో చెక్క బయటపడితే అక్కడ ముందు ప్రైమరు, నేరుగా ఎనామిల్ వద్దు. పొడిని బ్రష్‌తో దులిపి, ఆయిల్ రంగైతే టర్పెంటైన్‌తో కాస్త తడిపిన గుడ్డతో తుడవండి. ఆ పూట ఫ్యాను ఆపేయండి.

ప్రశ్న: సన్‌మైకా మీద రంగు నిలుస్తుందా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: నిలుస్తుంది, కానీ ముందు 220తో రుద్దాలి, అదీ మెరుపు పోయేదాకానే. షీటు మందమే దాదాపు ఒక మిల్లీమీటరు, అందులో డిజైను పొర కాగితమంత. మిషన్ పెడితే చిటికెలో తినేస్తుంది. లేచిన అంచులను ముందు ఫెవికాల్‌తో అతికించి బరువు పెట్టండి. నునుపు ఉపరితలాలకు పట్టే ప్రైమరని అడిగి కొనండి, మామూలు వుడ్ ప్రైమరు ఇక్కడ పనికిరాదు.

ప్రశ్న: మాది పాత ఇల్లు, షట్టర్ల మీద ఏళ్లనాటి రంగు పొరలున్నాయి. ఇంట్లో పసిపాప ఉంది. ఎమరీ కొట్టించవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పొడిగా మాత్రం వద్దు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఎక్కువ ఉండవచ్చు, పిల్లలకు ఆ పొడే ప్రమాదం. షట్టర్లు విప్పి బయటికి తీసుకెళ్లి, నల్లటి వాటర్‌ప్రూఫ్ కాగితాన్ని నీళ్లలో ముంచి రుద్దించండి. చెక్క బయటపడేదాకా రుద్దవద్దు. పనివాడికి ఎన్-95 మాస్కు ఉండాలి, తువాలు చాలదు. బురదను తడిగుడ్డతో ఎత్తి కవర్లో కట్టి పారేయండి, చీపురు పెట్టవద్దు. పనిచేసిన బట్టలు విడిగా ఉతకండి. పొరలు మందంగా ఊడుతున్నాయంటే కొత్త షట్టర్లు వేయించుకోవడమే నయం.