పాత కారు డోర్ ప్యానెళ్లకు మళ్లీ పెయింట్ ఎలా వేయాలి?

పాత మారుతి డోర్ల లోపలివైపు ప్లాస్టిక్ ప్యానెళ్ల పెయింట్ పెచ్చులుగా లేస్తోంది, బరంపురంలో ఇంటి దగ్గరే వేసుకోవచ్చా అని అడిగారు. వేసుకోవచ్చు, కాకపోతే ప్యానెల్ విప్పి బయట వేయాలి.

ముందు ప్యానెల్ వెనక అచ్చుపడిన అక్షరాలు చూడండి, అది ఏ రకం ప్లాస్టిక్కో తెలుస్తుంది. ఏబీఎస్ (ABS) అయితే మామూలు ప్లాస్టిక్ ప్రైమర్ చాలు. పీపీ (PP, పాలీప్రొపిలీన్) అయితే రంగు పట్టుకునేలా చేసే అడ్హీషన్ ప్రమోటర్ పూత తప్పనిసరి, అది లేకుండా వేసిన రంగు గోరు తగిలినా పొరలా ఊడొస్తుంది.

పాత పెయింట్ తీయడానికి ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ పెయింట్లలో కలిపే ద్రావకం) అసలు ముట్టుకోవద్దు, ఏబీఎస్ కరిగి మెత్తబడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డ కాసేపు పరిచి, పాత ఏటీఎం కార్డు అంచుతో గీకండి. నున్నటి చోట 400 నంబరు, ఆపై 600 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే ఉప్పుకాగితం) రుద్దండి. గరుకు డిజైన్ ఉన్నచోట స్కాచ్‌బ్రైట్ మాత్రమే, లేకపోతే డిజైన్ అరిగిపోతుంది. ఆ తర్వాత సబ్బునీళ్లతో కడిగి, మళ్లీ ఆల్కహాల్‌తో తుడవండి. ఎక్కువమంది పని చెడేది ఇక్కడే: డ్యాష్‌బోర్డ్ పాలిష్‌లోని సిలికాన్ రవ్వంత మిగిలినా రంగు విడిపోయి చిన్న చిన్న గుంటలు పడతాయి.

స్ప్రే 20–25 సెం.మీ. దూరం నుంచి, మూడు పల్చటి కోటింగులు, మధ్యలో 10–15 నిమిషాలు. బరంపురంలో సముద్రపు తేమ ఎక్కువ కాబట్టి ముసురు రోజున కొట్టకండి, రంగు తెల్లగా మసకబారుతుంది. ఎండెక్కాక, నీడలో వేయండి. బిగించడానికి కనీసం ఒక రోజు ఆగండి. పాత క్లిప్పులు విప్పేటప్పుడే విరుగుతాయి, కొత్తవి ముందే తెచ్చుకోండి.