మూడు విభాగాల చికిత్సను ఒకే దారిలో పెట్టుకోవడం ఎలా?

మీ కుటుంబం ప్రభుత్వ సాయంతో గడుస్తోందని, అమ్మగారికి గుండె, కిడ్నీ, కంటి విభాగాల్లో విడివిడిగా చికిత్స నడుస్తోందని, వీటన్నిటినీ కలిపి ఎవరు చూస్తారో తెలియడం లేదని అడిగారు. ఆసుపత్రి సామాజిక సేవా విభాగంలో చాలాకాలం పనిచేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను: ముందు మీ ఆసుపత్రిలో ఆ విభాగం ఉందేమో వాకబు చేయండి, రోగి చికిత్సనూ ఇంటి పరిస్థితినీ కలిపి చూసేది అదే. 1905లో అమెరికాలోని బోస్టన్‌లో, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో రిచర్డ్ క్యాబట్ అనే డాక్టరు, గార్నెట్ పెల్టన్ అనే నర్సును ఈ పనికి పెట్టుకున్నది, రోగి ఇంటి పరిస్థితి తెలియకుండా రాసిన మందు అక్కరకు రాదని గ్రహించినందువల్లే.

ఒకసారి ఒక పెద్దావిడ నాలుగేళ్ల కాగితాలను ప్లాస్టిక్ సంచిలో కుక్కి తెచ్చారు. మాత్రలు కూడా తెప్పించి బల్ల మీద పరిపిస్తే, వేర్వేరు పేర్లున్న రెండు అట్టల వెనుక సన్నటి అక్షరాల్లో కనిపించింది ఒకటే మందు, ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు. ఇద్దరు డాక్టర్లు చెరొకటి రాయగా ఆవిడ రెండూ వేసుకుంటున్నారు, దాంతో పాదాలు వాచాయి, ఆ వాపు చూసి మూడో డాక్టరు నీరు తీసే మాత్ర రాశారు. ఎవరి చీటీ వారి మటుకు సరైనదే, కానీ ఒకరి చీటీ మరొకరి కంట పడలేదు. అందుకే అన్ని మందుల అసలు పేర్లు, మోతాదులు, రాసిన విభాగం ఒకే కాగితం మీద రాసి, ప్రతి డాక్టరుకూ అడగకముందే చూపించండి.

ఇక ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చికిత్సకు ఇచ్చే అనుమతుల సంగతి. నేను చూసినంతలో అవి ఎక్కువగా ఆగేది పథకం కార్డులో పేరుకూ ఆసుపత్రి రికార్డులో పేరుకూ అక్షరం తేడా ఉన్నప్పుడు, లేదా కార్డు గడువు చికిత్స మధ్యలో తీరిపోయినప్పుడు. ఈ రెండూ చేరడానికి ముందే సరిచూసుకోవాలి. రోజు కూలి పోతుందని మొహమాటపడకుండా చెబితే, రెండు విభాగాల తేదీలను ఒకే రోజుకు మార్చడం చాలాసార్లు కుదురుతుంది. అడగనివారికి మాత్రం ఎవరూ మార్చరు.

డిశ్చార్జి రోజున అందరూ ఇంటికి వెళ్లే తొందరలో ఉంటారు. అయినా ఏ మాత్ర ఆపేశారో, ఏది కొత్తదో, మళ్లీ ఎప్పుడు ఎవరి దగ్గరికి రావాలో మీ మాటల్లో నర్సుకు తిరిగి చెప్పి, ఆవిడ ఔనన్నాకే మంచం ఖాళీ చేయండి.