ఆరెంజ్: పండు పేరు ముందా, రంగు పేరు ముందా?

పండు పేరే ముందు. అది 14వ శతాబ్దం చివరికల్లా ఇంగ్లిష్‌లో ఉంది. రంగుకు ఆ పేరు 16వ శతాబ్దంలో గానీ రాలేదు. అంతకుముందు ఆ రంగును ఎరుపులోనో పసుపులోనో కలిపేసేవారు. రాబిన్ పిట్ట రొమ్ము చూడండి, అచ్చంగా నారింజ రంగే, పేరు మాత్రం రెడ్‌బ్రెస్ట్!

సంస్కృత 'నారంగ' పారశీకంలో 'నారంగ్', అరబ్బీలో 'నారంజ్' అయి, స్పెయిన్ మీదుగా యూరప్ చేరింది. మన నారింజ కూడా ఆ కుటుంబమే.

మరి 'నారంగ' మొదట్లోని 'న' ఏమైంది? ఇంగ్లిష్‌వాళ్ల నోట్లో 'ఎ నారెంజ్' కాస్తా 'యాన్ ఆరెంజ్' అయి, ఆ 'న' జారిపోయిందని చాలామంది అంటారు. అది పొరపాటు. ఫ్రెంచ్, ఇటాలియన్లలోనే ముందుండే 'ఒక' అర్థపు మాట చివరి నకారంలో ఆ 'న' కలిసిపోయింది. ఇంగ్లిష్‌కు వచ్చింది 'ఆరెంజే'. ఇంగ్లిష్‌లో నిజంగా అలా 'న' జారిన మాట ఏప్రన్ (వంట చేసేటప్పుడు బట్టల మీద కట్టుకునే గుడ్డ): 'ఎ నాప్రన్' 'యాన్ ఏప్రన్' అయింది.